ఎత్తైన బండి

"అక్కా, మీ కారు ఎక్స్ఛేంజికి వొచ్చుండాది" అని జెబమలర్ చెప్పినప్పుడు నేను షోరూం వెనక కొళాయి దగ్గర టిఫిన్ డబ్బా కడుగుతున్నాను. మా కారులాంటిది ఇంకేదో వచ్చిందనుకుని "ఏ కలరు?" అని అడిగాను. ఆమె చేతిలోని ఫైలు తెరిచి నా ముందు పట్టుకుంది. నంబరు నాదే. వెనక అద్దం మీద మా అమ్మాయి ఇందుజ అంటించిన సీతాకోకచిలుక కూడా ఫొటోలో పడింది. ఇచ్చేవారి పేరు దగ్గర మదన్ అని మా ఆయన పేరు, పక్కన ఆయన సంతకం. పదకొండేళ్లు నడిపింది నేను. ఆర్సీ బుక్కులో పేరు మాత్రం ఆయనది.

ఆ రోజు పొద్దున ఆయన "కారుకి సర్వీసు చేపియ్యాల, ఇయ్యాల నువ్వు బస్సులో పో" అన్నారు. నా కారు సంగతి ఆయనంతట ఆయనే తలచుకున్నారని సంతోషపడి, వేడివేడిగా ఇంకో దోసె వేసి మరీ వచ్చాను. డబ్బా చేతిలో పట్టుకుని నిలబడ్డ నాకు అన్నిటికంటే ముందు గుర్తొచ్చింది ఆ దోసె. ఇప్పటికీ కోపం రావాల్సిన చోట నాకు ముందు సిగ్గే వస్తుంది.

ఈ షోరూం అవినాశి రోడ్డులో ఉంది. నేను చేరి ఆరేళ్లయింది. కార్లు అమ్మే పని కాదు నాది. కారు ఇంటికి వెళ్లిన నెల రోజులకు కొన్నవాళ్లకు ఫోన్ చేసి, ఎలా ఉందో అడిగి, చెప్పిందంతా కంప్యూటర్లో రాసే పని. జెబమలర్ పాత కార్ల సెక్షన్లో ఉంటుంది. ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే. ఆమెది మిల్లు కార్మికుల ఇళ్ల లైన్లలో పెరిగిన కుటుంబం, మాది తోటల కుటుంబం. ఇద్దరికీ బడి చదువు తమిళంలోనే కాబట్టి తెలుగు మా నోళ్లలో ఉందే తప్ప చేతుల్లో లేదు. తక్కిన అందరితో తమిళమే.

చేతులు తుడుచుకుని ముందు హాల్లోకి వెళ్లాను. ఆయన అక్కడే ఉన్నారు. పక్కన ఎర్రగుడ్డ కప్పిన ఒక పెద్ద ఆకారం. మా మేనేజర్ సత్యరాజ్ సార్ నన్ను చూసి చప్పట్లు కొట్టారు. స్టాఫ్ కుటుంబానికి ఇచ్చే తగ్గింపు కావాలంటే స్టాఫ్ సంతకం ఉండాలట. అందుకే నన్ను పిలవాల్సి వచ్చింది. లేకపోతే ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్లాకే నాకు తెలిసేది. "సర్‌ప్రైజ్ ఎట్లుండాది?" అన్నారు ఆయన. సార్ పెన్ను అందించారు. ఫారం మీద "కుటుంబ సభ్యుల అంగీకారంతో" అనే వాక్యం ఇంగ్లీషులో ఉంది. నాకు చదవడం వచ్చు. చదివాను. సంతకం పెట్టాను. అట్టతో చేసిన పెద్ద తాళంచెవి ఒకటి మా ఇద్దరి చేతుల్లో పెట్టి ఫొటో తీశారు. ఆ ఫొటోలో నేను నవ్వుతున్నాను.

గుడ్డ తీశాక చూశాను. పక్కకు రెండే తలుపులు, వెనక స్పేర్ చక్రం, నా నడుం ఎత్తున సీటు. అడవి దారుల్లో, వాగుల్లో, బండలమీద పోవడానికి చేసిన బండి. వెనక కూర్చోవాలంటే ముందు సీటు మడిచి, ఆ సందులోంచి దూరాలి. మా ఇంట్లో నలుగురం. అందులో ఒకరు మా అత్తమ్మ కన్నమ్మాళ్. డెబ్బై ఒక్క ఏళ్లు. కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, సూలూరు నుంచి ఆర్.ఎస్. పురం ఆసుపత్రికి డయాలిసిస్‌కు పోవాలి.

సాయంత్రం పాత కారులోంచి నా సామాను ఒక అట్టపెట్టెలోకి తీసుకున్నాను. అత్తమ్మ నడుముకు పెట్టే దిండు, ఆమెకు వాంతి వస్తుందేమోనని ఉంచిన కవర్లు, ఆసుపత్రి ఫైలు, ఇందుజ జడ క్లిప్పు, నా పాత చెప్పులు. డ్రైవర్ సీటును నా కాళ్లకు తగ్గట్టు ముందుకు జరిపి ఉంచుకునేదాన్ని. ఎవరో అప్పటికే దాన్ని వెనక్కి నెట్టేశారు. ఆ సీట్లో కూర్చుని ఒక్కదాన్నే ఏడ్చిన రోజులున్నాయి, గట్టిగా పాడుకున్న రోజులూ ఉన్నాయి. ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటే "ఏమైంది?" అని తడతారు. కారులో కూర్చుంటే ఎక్కడికో పోతున్నదనుకుంటారు. నాకంటూ ఉన్న గది అదొక్కటే. దాన్ని ఎవరితోనూ గది అని చెప్పుకోలేదు కాబట్టి, పోయిందని చెప్పుకోవడానికీ మాట లేకపోయింది.

ఈ బండ్ల మోజు నాకు కొత్త కాదు. ఆదివారాలు కుటుంబాలు వస్తాయి. మగవాళ్లు నేరుగా ఎత్తైన బండి దగ్గరికి నడుస్తారు. చక్రాన్ని బూటుతో తన్ని చూస్తారు, ఎంత లోతు నీళ్లలో పోతుందని అడుగుతారు. ఆడవాళ్లు ఒక అడుగు వెనక నిలబడి, చిన్న గొంతుతో, వెనక తలుపు ఎటు తెరుచుకుంటుంది, బియ్యం మూట ఎక్కడ పెట్టాలి, చీరతో ఎక్కగలమా అని అడుగుతారు. ఆ ప్రశ్నలకు మా సేల్స్ అబ్బాయిలు భర్త ముఖం చూస్తూ జవాబు చెబుతారు. పొదుపైన చిన్న కార్లు యార్డులో ఎండకు ఎండుతుంటాయి, ఎత్తు బండ్లకు నెలల కొద్దీ వెయిటింగ్. "వాళ్లు కొనేది కారు కాదు ప్రియా, కొండ" అంటారు సత్యరాజ్ సార్. నెల తర్వాత ఫోన్ చేసి "మట్టి రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లు పోయారు సర్?" అని అడుగుతాను. నూటికి తొంభైమంది "ఇంకా పోలేదమ్మా, వానలు తగ్గాక పోవాలి" అంటారు. ఆఫీసు, కల్యాణ మంటపం, పిల్లల బడి, ఇదే వాళ్ల అడవి. మా నాన్న కారమడై దగ్గర కరివేపాకు తోటలో ముప్పై ఏళ్లు బురదలోనే మోపెడ్ నడిపాడు, ముందూ వెనకా కరివేపాకు మూటలు కట్టుకుని. ఆయన్ని ఎవరూ ఫొటో తీయలేదు.

మా ఆయనకు సూలూరులో పవర్‌లూం స్పేర్ పార్టుల అంగడి ఉంది. చెడ్డ మనిషి కాదు. ఈ మాట నేను చెప్పనక్కర్లేదు, చుట్టాలందరూ చెబుతారు. తాగరు, కొట్టరు. "నలభై రెండేళ్లొచ్చినాయి. ఇంగ ఎప్పుడు ఆశ తీర్చుకునేది?" అన్నారు ఆ రాత్రి భోంచేస్తూ. "మరి అత్తమ్మ ఎట్ల ఎక్కుతుంది? నేను పనికెట్ల పోయేది?" అన్నాను. "అన్నిటికీ నెగటివ్‌గానే మాట్లాడు. బస్సుల్లేవా ఊళ్లో? అమ్మని నేను పిల్చుకపోతాను, సరేనా?" అన్నారు. అత్తమ్మ మజ్జిగన్నం కలుపుకుంటూ "మొగోడు ఆశపడినాడు, పోనీ ప్రియా" అంది. ఇందుజ మాత్రం "అమ్మ తోలేదానికి దీంట్లో కాళ్లు అందవు కదా నాన్నా" అంది. "మీ అమ్మ దీన్ని తోలలేదులే" అని నవ్వారు.

మొదటివారం మాట నిలబెట్టుకున్నారు, నేనూ వెంట వెళ్లాను. రెండోవారం మంగళవారం ఆయన అంగడికి తిరుప్పూరు నుంచి పార్టీ వచ్చింది, శుక్రవారం ఇంకేదో వచ్చింది. మంగళ, శుక్రవారాల్లో నేను షోరూంలో రెండు గంటలకే బయల్దేరడం మామూలు. ఆ రెండు రోజులూ ముందుగా వదిలినందుకు బదులుగా నేను ఆదివారాలు పనిచేస్తాను, అది సార్‌కూ నాకూ ఉన్న ఒప్పందం. ఇప్పుడు రెండు బస్సులు మారి సూలూరు చేరేసరికి మూడున్నర అవుతుంది, డయాలిసిస్ మంచం నాలుగున్నరకు. బస్సులో చెమటతో నిలబడి, ఒకచేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకోచేత్తో ఫోనులో టాక్సీ వెతుక్కునేదాన్ని.

మూడోవారం శుక్రవారం ఆయన ఇంట్లోనే ఉన్నారు. "పదండి, ఇయ్యాల నేనే వస్తాను" అని బండిని వాకిలి ముందు రోడ్డు మీద నిలిపారు. ఎక్కడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు వేశాం. ఎడమవైపు తలుపు దగ్గర పట్టుకోవడానికి పిడి ఉంది. కానీ ఎక్కే మనిషికి అది ఎడమచేతికే అందుతుంది. అత్తమ్మ ఎడమచేతిలోనే డయాలిసిస్ కోసం రక్తనాళం కలిపి కుట్టారు. ఆ చేత్తో బరువెత్తకూడదు, లాగకూడదు, బిగుతు గాజు కూడా వేయకూడదు. నేను వెనకనుంచి నడుం పట్టుకుని ఎత్తుతున్నాను. ఆయన డ్రైవింగ్ సీట్లోంచి "తొందరగా, తొందరగా, వెనక బస్సు నిలబడుండాది" అంటున్నారు. స్టూలు జరిగింది. అత్తమ్మ పడిపోతానన్న భయంలో ఎడమచేత్తో పిడి గట్టిగా పట్టుకుని వేలాడింది. కింద పడకుండా నేను పట్టుకున్నాను గానీ, చేయి నల్లగా కమిలిపోయింది.

ఆసుపత్రిలో నర్సు ఆ చేయి చూసి నన్నే తిట్టింది. రక్తం గడ్డకట్టి ఉంటే మళ్లీ ఆపరేషన్ చేయాలని తెలియదా, ఇంత అజాగ్రత్తా అని అందరిముందూ అడిగింది. ఆయన పార్కింగ్ చేసి లోపలికి వచ్చి, సంగతి విని, "నువ్వు సరిగా పట్టుకోవద్దా?" అన్నారు. నేను సరిగా పట్టుకోలేదేమో అని ఆ రాత్రంతా నా రెండు చేతుల్నీ చూసుకున్నాను.

తర్వాతి మంగళవారం నేను ఇల్లు చేరేసరికి అత్తమ్మ చీర మార్చుకోకుండా మంచం మీదే కూర్చుని ఉంది. వాకిట్లో టాక్సీ హారన్ కొడుతోంది. "నేను రాను కన్నూ. ఈ వారం ఒగ దినము మానుకుంటే ఏమీ కాదు" అంది. కాళ్లు అప్పటికే వాచి ఉన్నాయి. బతిమాలాను, బెదిరించాను. చివరికి ఆమె నా వైపు చూడకుండా అంది. "మూటనెత్తినట్లు ఎత్తినారే అందరి ముందర. ఎదురింటివాళ్లు చూసినారు. ఆ చిన్నకారులో నేనే తలుపు తీసుకొని, నేనే కూకుంటా ఉంటిని. నువ్వెందుకు ఒప్పుకుంటివి దాన్ని ఇచ్చేదానికి?"

"నేనెక్కడ ఒప్పుకున్నాను అత్తమ్మా?"

"నువ్వే సరేనన్నావని వాడు చెప్పినాడే. సంతకం కూడా పెట్టినావంట."

టాక్సీ వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె మీద నాకు కోపం రాలేదు, జాలి కూడా రాలేదు. ఆమె తన కాళ్ల వాపును వేలితో నొక్కి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసుకుంటోంది. ఒకే మగవాడి ఆశను ఇద్దరం చెరోవైపు పట్టి మోస్తున్నామని, ఆమెకు నేను, నాకు ఆమె బరువనుకుంటూ ఇన్నాళ్లూ గడిపామని అనిపించింది. లేచి కాఫీ పెట్టబోయి, ఆమె నీళ్లు కొలిచి తాగాలని గుర్తొచ్చి అరగ్లాసే ఇచ్చాను.

శుక్రవారానికి ఆమెకు ఆయాసం మొదలైంది. మెట్టు దిగితే రొప్పుతోంది. పొద్దున ఆయన బూట్లు వేసుకుంటుంటే చెప్పాను. "ఇయ్యాల కండిప్పా పోవాల, తప్పదు. మీరు మూడున్నరకి వస్తారా?" ఆయన తలెత్తకుండానే "తిరుప్పూరు పార్టీతో దినమంతా పని ఉండాది. నువ్వే ఎట్లో చూసుకో" అన్నారు. నువ్వే ఎట్లో చూసుకో. పెళ్లయిన పద్నాలుగేళ్లలో నేను విన్న మాటలన్నిటినీ కుదిస్తే మిగిలేది ఈ ఒక్క వాక్యమే.

షోరూంలో పన్నెండు గంటలకు ఆ రోజు ఫోన్ చేయాల్సినవాళ్ల జాబితా తెరిచాను. పదకొండు పేర్లు. ఏడో పేరు ఎన్. మదన్, సూలూరు. నెల తిరిగింది.

జెబమలర్ నా భుజం మీదుగా చూసింది. "ఈ కాల్ నేను చేస్తాను లే అక్కా" అంది.

"వద్దు. నా పనే కదా" అన్నాను.

చేస్తే గుర్తుపట్టి నవ్వుతారనుకున్నాను. ఆసుపత్రి సంగతి ఇంకోసారి గుర్తుచేయవచ్చని కూడా అనుకున్నాను. ఆఫీసు నంబరు నుంచి ఫోన్ వెళ్లింది. రాసిచ్చిన తమిళంలో మొదలుపెట్టాను. "వణక్కం సర్. షోరూం నుంచి ప్రియ మాట్లాడుతున్నాను. ఈ కాల్ నాణ్యత కోసం రికార్డు చేయబడుతుంది. రెండు నిమిషాలు మాట్లాడవచ్చా సర్?"

"సొల్లుంగ మేడం, సొల్లుంగ" అన్నారు ఆయన, చెప్పండి చెప్పండి అని. చాలా మర్యాదగా, ఉత్సాహంగా. బండి స్పీకర్లోంచి వస్తున్న గొంతు. వెనక ఇంజను రొద, మగవాళ్ల నవ్వులు.

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ఒక్క క్షణం ఆగి చూశాను. నిజంగానే గుర్తుపట్టలేదు. నన్ను మేడం అన్నారు. నేను తమిళంలో, సర్ అంటూ, తడబడకుండా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదని అప్పుడు తెలిసింది. నేను రోజుకు ఏడు గంటలు మాట్లాడే గొంతు అది. ఇంట్లో ఆయనకు తెలిసిన నా గొంతు "అన్నం పెట్టనా", "కరెంటు పోయింది", "అత్తమ్మకు మాత్రలు అయిపోయినాయి" అనేంత మాత్రమే. నేనేనని చెప్పేసి ఉండాల్సింది. తర్వాతి ప్రశ్న చదివాను.

"మట్టి రోడ్డు మీద నడిపారా సర్?"

"ఇప్పుడే నడుపుతున్నాను మేడం! కారమడై దాటి కొండ దారిలో ఉన్నాం, మా క్లబ్ ఫ్రెండ్స్ అందరం. అద్భుతమైన బండి!" పక్కనెవరో విజిల్ వేశారు.

తిరుప్పూరు పార్టీ. నా వేళ్లు వాటంతట అవే టైపు చేస్తున్నాయి. మట్టి రోడ్డు, అవును.

"ఇంట్లో పెద్దవాళ్లకు ఎక్కి దిగడానికి సౌకర్యంగా ఉందా సర్?"

"ఏ ఇబ్బందీ లేదు. మా అమ్మకు డయాలిసిస్ మేడం. వారానికి రెండుసార్లు నేనే తీసుకెళ్తాను, ఇదే బండిలో." వెనక ఎవరో స్నేహితుడు "గ్రేట్ మచ్చా" అని మెచ్చుకున్నాడు. ఆయన గొంతు కొంచెం బరువెక్కింది కూడా. ఆ క్షణంలో ఆయన ఆ మాటను నిజంగా నమ్ముతున్నారని నాకనిపించింది. అబద్ధం చెబుతున్నారని తెలిసి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు. నా చెమట, నా బస్సులు, నర్సు తిట్లు, ఆ నల్లబడిన చేయి, అన్నీ ఆయన లెక్కలో ఆయనే మోశారు.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది. "ఇంట్లో ఇంకెవరైనా ఈ బండి నడుపుతారా సర్? మీ మిసెస్?"

"అయ్యో, లేదు మేడం. ఆమెకు డ్రైవింగ్ అంటేనే భయం."

అందరూ నవ్వారు. నేను ఆ గడిలో "భయం" అని టైపు చేశాను. ఆ మాటను తెర మీద చూశాను. జెబమలర్ కుర్చీ జరిపి నా పక్కకు వచ్చింది. గోడ గడియారం పన్నెండూ ఇరవై చూపిస్తోంది. కారమడై అవతలి నుంచి సూలూరుకు రెండు గంటలు. కావలసినంత సమయం ఉంది. నేను తమిళం ఆపేశాను.

"ఏమండీ, మూడున్నరకంతా ఇంటికి పోయి అత్తమ్మని ఆసుపత్రికి పిల్చుకపోండి. ఆయాసం ఎక్కువగా ఉండాది. నేను రాను. నాకు భయం కదా."

నవ్వులు ఆగలేదు, వాళ్లకు తెలుగు రాదు. ఆయన నవ్వు ఒక్కటే ఆగింది. ఇంజను శబ్దం తగ్గి, బండి నిలిచింది.

"ప్రియా?" అన్నారు. నా పేరును ఆయన ప్రశ్నలా పలకడం అదే మొదటిసారి.

"అవునండీ" అన్నాను. తర్వాత తమిళంలో చివరి వాక్యం చదివాను. "మీ అమూల్యమైన అభిప్రాయాలకు కృతజ్ఞతలు సర్." ఫోన్ పెట్టేశాను.

అత్తమ్మకు ఫోన్ చేసి మదన్ వస్తున్నాడని, మూడున్నరకు రాకపోతే వెంటనే నాకు చెప్పమని అన్నాను. "వాడా? నువ్వు రావా?" అంది భయంగా. నేను లేకుండా ఆమె ఒక్కసారి కూడా పోలేదు. "నేను ఫోన్లోనే ఉంటాను అత్తమ్మా" అన్నాను. నేను బయల్దేరే రెండు గంటలైంది. లేవలేదు. కాళ్లు మాత్రం లేవడానికి సిద్ధంగా కుర్చీ కింద కదులుతూనే ఉన్నాయి. మూడున్నరైంది. మూడూ నలభై. ఆమెకు ఏమైనా అయితే అందరూ నన్నే అంటారు, నేనూ నన్నే అనుకుంటాను. టాక్సీ కోసం ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే అత్తమ్మ ఫోన్ చేసింది.

"వచ్చినాడు కన్నూ. బండి నిండా బురద. నన్ను అందులోకి ఎత్తబొయ్యి, వాడికి చేత కాలా. ఎదురింటివాళ్ల ముందర నిలబడుకోని టాక్సీ పిలిచినాడు. టాక్సీలోనే పోతా ఉండాము. వాడు నా పక్కనే కూకోనుండాడు." ఆయాసపడుతూనే కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "నువ్వు బాగుండావా?" అని అడిగింది. పద్నాలుగేళ్లలో ఆ ఇంట్లో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. బాగున్నానని చెప్పలేకపోయాను. ఇల్లు అదే, సాయంత్రం వెళ్లాల్సింది అక్కడికే. ఆయన మౌనంగా తింటారు, లేదా పరువు తీశావంటారు. చిన్నకారు తిరిగి రాదు, అప్పటికే ఎవరో కొనుక్కుపోయారు.

కుర్చీలోంచి లేచి సత్యరాజ్ సార్ గదికి వెళ్లాను. "సార్, ఇకనుంచి నాకు మంగళ, శుక్రవారాలు రెండింటికే వెళ్లే పర్మిషన్ అక్కర్లేదు. ఆరింటిదాకా ఉంటాను. ఆదివారాలు మాత్రం రాను."

ఆయన కళ్లద్దాలు తీసి చూశారు. "మరి మీ అత్తగారి డయాలిసిస్?"

"వారానికి రెండుసార్లు కొడుకే తీసుకెళ్తాడు సార్" అన్నాను. "ఆయనే చెప్పారు. రికార్డులో ఉంది."